అరవై ఒకటో రాయి నుంచి

ఎతెల్కా పదిహేనేళ్ళు రష్యన్ టీచరుగా చేసింది. ప్రభుత్వం మారిన ఏడాది రష్యన్ భాష ఉన్నట్టుండి ఎవరికీ అక్కర్లేని సరుకైపోయింది. ఆమెనూ, ఆమెలాంటి వందల మందినీ మూడేళ్ళ శిక్షణలో కూర్చోబెట్టి ఇంగ్లీషు టీచర్లుగా మార్చారు. ముప్పై ఏడేళ్ళ వయసులో నోరు తిరగని మాటలు వల్లె వేసింది. ఆ తర్వాత ఏడేళ్ళుగా పిల్లలకంటే ఒక్క పాఠం ముందుండి బండి లాగిస్తోంది. పిల్లలు ఏ మాటకు అర్థం అడిగినా "తెలియదు" అనే జవాబు ఆమె నోట ఒక్కనాడూ రాలేదు. అప్పటికి ఏదో ఒకటి చెప్పేది. ఇంటికి వెళ్ళి నిఘంటువు చూసి, తప్పయితే మర్నాడు ఏమీ ఎరగనట్టు దిద్దేది. ఆ గుట్టు ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

తిసామోర ఊరికి మాత్రం ఇంగ్లీషంటే ఎతెల్కా టీచరే. అందుకే ఆ ఏప్రిల్‌లో తిసా నది కరకట్ట అంచుకు రెండు జానల కిందికి వచ్చి నిలబడ్డప్పుడు, సాయానికి వచ్చిన డచ్ బృందం బోరు యంత్రంతో ఊళ్ళో దిగినప్పుడు, కరకట్ట అధికారి సిల్వాషి లోరాంట్ తిన్నగా బడికే జీపు పంపాడు.

"టీచర్ గారూ, వాళ్ళ మాట మాకు చెప్పాలి, మా మాట వాళ్ళకు చెప్పాలి. అంతే మీ పని."

"నాకు నీళ్ళ సంగతులు తెలియవు లోరాంట్ గారూ."

"నీళ్ళ సంగతి నీళ్ళే చూసుకుంటాయి. మీరు మాట చూసుకోండి చాలు."

చుక్క వాన లేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పైన కొండల్లో కరిగిన మంచంతా కిందికి దిగుతోంది. గురువారం మధ్యాహ్నానికి వరద పతాక స్థాయికి చేరుతుందని లెక్క వేశారు. మంగళవారం నాటికే కట్ట లోపలి వైపు మూడు చోట్ల బుంగలు పడి నీళ్ళు ఊరుతున్నాయి. ఊరి మగవాళ్ళూ ఆడవాళ్ళూ వాటి చుట్టూ బావి గట్టులా ఇసుక బస్తాలు పేరుస్తున్నారు.

ఆ మంగళవారం పొద్దున్నే హోర్న్యాక్ విల్మోష్ కర్ర పోటేసుకుంటూ కరకట్ట కాపలావాడి ఇంటికి వచ్చాడు. ఆయనకు ఎనభై ఒకటి. జీవితమంతా నీటి శాఖలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. రెండు మోకాళ్ళూ పోయాయి. చంకలో మైనపుగుడ్డ చుట్టిన ఒక పుస్తకం ఉంది.

"ఏంటి బాబాయ్, మీరెందుకొచ్చారు ఇక్కడికి? బస్తాలు మోస్తారా?" అన్నాడు లోరాంట్.

"మోసే వయసు నీది. చూసే వయసు నాది. ఇది చూడు ముందు."

పుస్తకం 1931 నాటిది. ఆయనకు పని నేర్పిన గురువు చేతిరాత. ఆఫీసు మారేటప్పుడు చిత్తుకాగితాల గుట్టలోంచి విల్మోష్ దాన్ని ఏరి తెచ్చుకున్నాడు. కట్టను ఎత్తు పెంచినప్పుడు దాని కింద ఉన్న పాత ఇటుకల తూమును పీకెయ్యకుండా, రెండు నోళ్ళలోనూ బంకమట్టి కుక్కి పైన మన్ను కప్పేశారని అందులో ఉంది.

"అంటే కట్ట పొట్టలో డొల్ల ఉందంటారు," అన్నాడు లోరాంట్. ముఖంలో ఎకసెక్కం పోయింది.

"డెబ్భై ఏళ్ళుగా ఉంది. నీళ్ళు ఇంత ఎత్తుకు ఎప్పుడూ రాలేదు కాబట్టి అది ఉందని ఎవరికీ పట్టలేదు."

డచ్ బృందం పెద్ద పేరు వీబె. ఎర్ర గడ్డం, నెమ్మదైన మనిషి. ఎతెల్కా చెప్పింది విని చేతులు రెండూ రుద్దుకున్నాడు. "ఆ చోటు తెలిస్తే పైనుంచి బోర్లు వేసి, సిమెంటూ బంకమట్టీ కలిపి లోపలికి నింపేస్తాం. ఒక రోజు చాలు. కానీ చోటు కచ్చితంగా తెలియాలి. నాకు ఈ పుట ఇంగ్లీషులో కావాలి, ఒక్క మాట వదలకుండా."

ఎతెల్కా కాపలావాడి వంటింటి బల్ల దగ్గర చేతిసంచిలోని నిఘంటువు తీసుకుని కూర్చుంది. విల్మోష్ బయట ఎండలో బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు కాచుకుంటున్నాడు. తలుపు తెరిచే ఉంది. మనిషి ఐదడుగుల దూరంలో ఉన్నాడు.

పుట పైభాగంలో లెక్క ఏ పద్ధతిలో వేశారో రాసి ఉంది. గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే పద్ధతిని మ్యాపుల వాళ్ళు వెతులెత్ అంటారు. పొలంలో విత్తనం చల్లడానికీ, గోడ మీద నీడ పరచడానికీ ఊరివాళ్ళ భాషలో ఉన్న ధాతువే అది. దానికి ఇంగ్లీషులో ప్రొజెక్షన్ అంటారని నిఘంటువులో దొరికింది. పక్కనున్న మాట దొరకలేదు. కోణాన్ని నిలుపుకునేది అని దాని అర్థం. ఎతెల్కా ఉన్నదున్నట్టు 'యాంగిల్ కీపింగ్' అని రాసింది. వీబె చూసి నవ్వాడు. "ఓ, కన్ఫార్మల్! అర్థమైంది, అర్థమైంది." కొలత వంకరపోవడాన్ని చెప్పే మాటకు నిఘంటువు 'అంగవైకల్యం' అనే అర్థం ఇచ్చింది. ఎతెల్కా అదే రాసింది. వీబె దాన్నీ దిద్దాడు. "పాపం, మ్యాపుకు కుంటికాలు పెట్టారు మీరు," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఎతెల్కాకు ధైర్యం వచ్చింది. తప్పు రాసినా ఈయన అందుకుంటాడు అనుకుంది.

తర్వాత దేల్‌కోర్ అన్న మాట వచ్చింది. దేల్ అంటే మధ్యాహ్నం, కోర్ అంటే వలయం. నిఘంటువులో మెరిడియన్, ఉత్తర దక్షిణాలను కలిపే గీత, అని ఉంది. పుటలో నాలుగు చోట్ల అదే మాట, నాలుగు చోట్లా మెరిడియన్ అని రాసింది. అట్టడుగున అసలు వాక్యం వచ్చింది: 'అరవై ఒకటో రాయి నుంచి తూము నడిమి దాకా: దేల్‌సోగ్ ఇరవై ఏడు డిగ్రీలు, దూరం మూడు వందల పద్దెనిమిది మీటర్లు.'

సోగ్ అంటే కోణం. దేల్‌సోగ్ నిఘంటువులో లేదు. దేల్‌కోర్ మెరిడియన్ అయినప్పుడు దేల్‌సోగ్ మెరిడియన్ యాంగిల్ కాక ఇంకేమవుతుంది? అలాగే రాసింది. దేల్‌కు దక్షిణం అనే రెండో అర్థం ఉందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మధ్యాహ్నం సూర్యుడు నిలిచే దిక్కు కాబట్టి ఆ భాషలో రెంటికీ ఒకటే మాట. ఆ ఘడియలో మాత్రం ఎతెల్కా బుర్రలో మెరిడియన్ తప్ప మరొకటి మెదల్లేదు.

వీబె ఆ వాక్యం దగ్గర ఆగాడు. పెన్సిలు కొసతో దాని మీద తట్టాడు.

"మెరిడియన్ యాంగిల్. అంటే ఉత్తరం నుంచి లెక్కే కదా? మామూలు లెక్కేనా?"

ఎతెల్కాకు తెలియదు. కోణాలు ఎక్కడినుంచో లెక్కపెడతారన్న సంగతే ఆమె అప్పుడు వినడం. తెరిచిన తలుపులోంచి విల్మోష్ టోపీ కనిపిస్తూనే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. లోరాంట్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. వీబె తలెత్తి చూస్తున్నాడు. క్లాసులో ముప్పై జతల కళ్ళు చూస్తున్నట్టే అనిపించింది.

"అవును," అంది.

కొలత కోసం పాతిన ఆ అరవై ఒకటో రాయి కట్ట మీదే ఉంది. వీబె దాని మీద పరికరం నిలిపి, ఉత్తరం నుంచి ఇరవై ఏడు డిగ్రీలు తిప్పి, టేపు లాగించాడు. మూడు వందల పద్దెనిమిదో మీటరు సరిగ్గా కట్ట నడినెత్తిన పడింది. "చూశారా, కట్ట మీదే పడింది. లెక్క తప్పయితే పొలంలో పడేది," అన్నాడు సంతోషంగా. ఆ భాగంలో కట్ట గీత గీసినట్టు తిన్నగా ఉందనీ, రాయికి అటు కొలిచినా ఇటు కొలిచినా చోటు కట్ట మీదే పడుతుందనీ ఎవరికీ తట్టలేదు.

మంగళవారం సాయంత్రం దాకా ఆరు బోర్లు వేశారు. బుధవారం తెల్లవారగానే మొదలుపెట్టి ఇంకో ఐదు వేశారు. మట్టి తప్ప ఇటుక పెళ్ళ ఒక్కటి పైకి రాలేదు. తొమ్మిది గంటలకు వీబె చేతి తొడుగులు తీసేశాడు.

"ఆ తూమును తర్వాత ఎప్పుడో తీసేసి ఉంటారు. పుస్తకం పాతది. పై ఊళ్ళో కట్ట చెమరుస్తోందని కబురొచ్చింది, మేం వెళ్ళాలి."

ఎతెల్కా ఆ ముక్క తన భాషలో చెప్పింది. లోరాంట్ టోపీ తీసి తొడకేసి కొట్టాడు.

"ఒక రోజు! ఆ ముసలాయన పుస్తకం పట్టుకుని ఒక రోజంతా గంగపాలు చేశాం!" బస్తాల వరసలో ఉన్న వాళ్ళందరికీ వినపడేలా అన్నాడు. "మతి పోయినవాళ్ళను ఇంట్లో కూచోబెట్టాలి, కట్ట మీదికి రానివ్వకూడదు."

వరసలో ఎవరో "ముసలాయన కలలో తూము కట్టాడ్రా," అన్నారు. నలుగురు నవ్వారు. డచ్ లారీలు పై ఊరి దారి పట్టాయి.

విల్మోష్ ఇల్లు దిగువ వీధిలో ఉంది. ఆ వీధిలో అన్నీ పచ్చి ఇటుకల ఇళ్ళే. ఎతెల్కా ఆయన్ని ఓదారుద్దామని వెళ్ళింది. ఆయన అటక మీదికి పరుపులు ఎక్కించలేక, నిచ్చెన కింద మెట్టు మీద కూలబడి ఉన్నాడు.

"రా అమ్మా. పాలింకా సారా ఒక చుక్క పోసుకో, సీసా అక్కడే ఉంది. వినపడిందిలే లోరాంట్ అన్నది. ఈ వీధి దాకా వినపడేలాగే అరిచాడు."

"ఆయన కంగారులో ఉన్నాడు బాబాయ్. మనసులో పెట్టుకోకండి."

"మనసుకేం గానీ, నాకు ఒక్కటి బోధపడలేదు. నిన్న మధ్యాహ్నం పెరట్లోంచి చూస్తే వాళ్ళ యంత్రం కొమ్ము పంపుహౌసు పక్కన కనపడింది. అక్కడేం పని వాళ్ళకు? అక్కడ మొదలుపెట్టి ఇటు దిగుతారేమో అనుకున్నా. ఇవాళ పొద్దున్న కూడా అక్కడే ఉంది."

"అక్కడే కదా తూము! ఇరవై ఏడు డిగ్రీలు."

"ఇరవై ఏడే. కానీ పంపుహౌసు రాయికి ఉత్తరాన ఉంది కదమ్మా."

"ఉత్తరం నుంచే కదా లెక్క..."

ముసలాయన ఆమెను వింతగా చూశాడు. తప్పు చదివిన పిల్లను చూసినట్టు, కోపం లేకుండా.

"దేల్‌సోగ్ అమ్మా. దేల్. దక్షిణం నుంచి. ఆ రోజుల్లో మా లెక్కలన్నీ దక్షిణం నుంచే. దేశం కొలతలన్నిటికీ మొదలు రాజధానిలోని గెల్లేర్ట్ కొండ, దాని మీద నిలబడి దక్షిణానికి ముఖం పెట్టి మొదలుపెట్టేవాళ్ళం. మరి... నువ్వేం రాశావు?"

మెరిడియన్ అని తను రాసిన మాట, అవును అన్న మాట, పదకొండు బోర్లు, రోజంతా తిరిగిన యంత్రం మోత, అన్నీ ఒక్కసారిగా ఎతెల్కా మీద పడ్డాయి.

"నేను తప్పు రాశాను బాబాయ్. తూము ఇటువైపు ఉంది. ఎక్కడ, చెప్పండి, ఎక్కడ?"

"వంగిన విల్లో చెట్టు దగ్గర. నా పెరటికి ఎదురుగానే. నాకు అనుమానం వచ్చిందమ్మా. వచ్చి అడగాల్సింది. నలుగురు ఇంజనీర్లు పరికరాలు పెట్టుకుని చూస్తుంటే, మోకాళ్ళు పోయిన నేనెవణ్ణి అనుకున్నా. పుస్తకమే తప్పేమో, నేనే తప్పేమో అనుకున్నా."

ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

లోరాంట్ బుంగ దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎతెల్కా రొప్పుతూ చెప్పింది. ఏదీ దాచలేదు, దాచే తెలివి కూడా ఆ క్షణంలో లేదు. లోరాంట్ లేచి నిలబడ్డాడు.

"ఒక్క మాటా?" అన్నాడు. "టీచర్ గారూ... ఒక్క మాటా?"

"తిట్టండి. తర్వాత ఎంతసేపైనా తిట్టండి. ముందు వాళ్ళను వెనక్కి పిలవండి."

"ఎలా పిలవను? ఫోను తీగలు పొద్దున్నే పోయాయి. వాళ్ళ దగ్గర మన వైర్‌లెస్ లేదు. రోడ్డు మీద మూడు చోట్ల నీళ్ళున్నాయి. జీపు బస్తాలకు వెళ్ళింది." చుట్టూ చూశాడు. "నా సైకిలు ఉంది. కట్ట మీదుగా పదకొండు కిలోమీటర్లు. పోతారా? నేను ఆ చెట్టు దగ్గర గుర్తు పెట్టిస్తాను."

కట్ట నెత్తిన దారి నాని మెత్తబడి ఉంది. సైకిలు చక్రం కూరుకుపోతోంది. ఎడమ పక్కన నది సైకిలు గొలుసు ఎత్తున, చెట్ల కొమ్మలనూ, ఒక కుక్కగూడునూ మోసుకుంటూ చప్పుడు లేకుండా పోతోంది. కుడి పక్కన, రెండు నిలువుల కింద, ఇళ్ళూ పెరళ్ళూ ఆరేసిన దుప్పట్లూ. రెండుసార్లు పడింది. మోకాలు చీరుకుపోయింది. మధ్యలో ఒకచోట సైకిలు పడేసి కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరైనా వచ్చి ఈ పని తన చేతుల్లోంచి తీసేసుకుంటే బాగుండుననిపించింది. కనుచూపు మేర ఎవరూ లేరు. లేచి మళ్ళీ తొక్కింది.

ఆమె వెళ్ళేసరికి పై ఊళ్ళో యంత్రం దిగిపోయి, అప్పటికే రెండు బోర్లు పడ్డాయి. అక్కడ కట్ట నిజంగానే చెమరుస్తోంది. వీబె ఆమె బట్టల బురద, మోకాలి రక్తం చూసి పరుగున వచ్చాడు.

"ఏమైంది? తెగిందా?"

"తెగలేదు. నేను మీకు తప్పు చెప్పాను. ఆ కోణం ఉత్తరం నుంచి కాదు, దక్షిణం నుంచి."

"ఇప్పుడు ఎలా తెలిసింది?" ఆయన గొంతులో నమ్మకం లేదు. ఒకసారి పోయిన నమ్మకం మరి.

ఎతెల్కాకు ఇంగ్లీషు మాటలు అందలేదు. అంతలో చర్చిలో మధ్యాహ్నం గంట మోగింది. ఆమె వేలెత్తి ఆ గంట చప్పుడు చూపించింది.

"ఇది దేల్. మధ్యాహ్నం." వేలు తిప్పి, దిగువకు, సూర్యుడి కింద మెరుస్తున్న నదివైపు చూపించింది. "అదీ దేల్. దక్షిణం. రెండూ ఒకటే మాట. నేను ఒకటి తీసుకున్నాను. పుస్తకం రెండోది చెప్పింది."

వీబె సూర్యుణ్ణి చూశాడు, యంత్రం కొమ్ము నీడ చూశాడు. గడ్డం గట్టిగా పట్టుకున్నాడు. "మరి నేను అడిగాను కదా. ఉత్తరం నుంచేనా అని."

"అడిగారు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది."

ఆయన తన మనుషుల దగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు.

"ఈ రెండు బోర్లూ నింపకుండా వదిలితే ఇక్కడ నేనే గండి కొట్టినట్టు. మూడు గంటలు పడుతుంది. అంతకు ఒక్క నిమిషం ముందు కూడా కదలలేను."

"మూడు గంటలు! అక్కడ దిగువ వీధిలో..."

"ఇక్కడ కూడా వీధులున్నాయి మేడమ్."

ఆ మూడు గంటలంత పొడుగు పొద్దు ఎతెల్కా జీవితంలో ఎన్నడూ చూడలేదు. ఎవరో పందికొవ్వు రాసిన రొట్టే, ఉల్లిపాయ ముక్కా చేతిలో పెట్టారు. అవి చేతిలోనే ఎండిపోయాయి. పంపు కొట్టుకుంటోంది, గొట్టంలోంచి బూడిద రంగు పేస్టు భూమిలోకి దిగుతోంది. ప్రతి బకెట్టూ తిసామోర నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టు అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ తనమీద తనకే అసహ్యం వేసింది.

లారీలు చుట్టుదారిలో తిసామోర చేరేటప్పటికి సాయంత్రం ఐదు. విల్లో చెట్టు దగ్గర లోరాంట్ కొయ్య పాతి ఎర్ర గుడ్డ కట్టించాడు. విల్మోష్‌ను కుర్చీతో సహా ఇద్దరు మోసుకొచ్చి కట్ట మీద కూర్చోబెట్టారు. పొద్దున్న నవ్విన వాళ్ళే మోశారు. ఆ కొయ్యకు కింద, కట్ట అడుగున, కొత్త బుంగ పడింది. పొద్దున్న లేదట. బుంగలో నీళ్ళు తేటగా వస్తే భయం లేదు. ఇవి కాఫీ రంగులో, మట్టి మోసుకుంటూ వస్తున్నాయి.

రెండో బోరులోనే ఇటుక పొడి పైకొచ్చింది. విల్మోష్ దాన్ని అరచేతిలో వేసుకుని చూసుకున్నాడు.

తెల్లవార్లూ నింపుతూనే ఉన్నారు. ఎంత నింపినా తాగుతోంది. గురువారం పొద్దున తొమ్మిదింటికి వీబె ఎతెల్కాను పిలిచాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. "వాళ్ళకు చెప్పండి. సగం పైగా మూసుకుంది. మిగతా సగం మట్టి గట్టిపడడానికి టైము లేదు. దిగువ వీధిని ఖాళీ చేయించండి, ఇప్పుడే."

ఆమె చెప్పింది. సైనికులు ఇంటింటికీ వెళ్ళారు. కొందరు ఆవులు లేకుండా కదలం అన్నారు, ఒకామె కుట్టుమిషను లేకుండా కదలనంది. అన్నీ బండ్ల మీదికి ఎక్కాయి. పదకొండున్నరకు విల్లో చెట్టు నెమ్మదిగా, తల వంచి నమస్కరించినట్టు, కట్టతో సహా లోపలికి కూర్చుంది. ముప్పై మీటర్లు. తూము సగం పూడి ఉండబట్టి నీళ్ళు గోడలా పడలేదు, పాకుతూ వచ్చాయి. ఊళ్ళో మిగతా భాగాన్ని రైలు కట్ట దగ్గర బస్తాలతో ఆపగలిగారు. దిగువ వీధిలో పందొమ్మిది ఇళ్ళు మాత్రం, పచ్చి ఇటుకలు నీళ్ళు తాగి తాగి, సాయంత్రం లోపల ఒకదాని వెంట ఒకటి మోకాళ్ళ మీద కూలబడ్డాయి. విల్మోష్‌ది నాలుగోది. మనుషులెవరూ పోలేదు.

శనివారం పక్క ఊరి బడి వ్యాయామశాలలో సమావేశం పెట్టారు. దిగువ వీధి జనమంతా పరుపుల మీద కూర్చుని ఉన్నారు. జిల్లా నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. కట్ట ఎందుకు తెగిందో వివరించమని వీబెను అడిగారు. ఎతెల్కా ఆయన పక్కన నిలబడింది, అనువాదానికి.

వీబె తూము గురించి చెప్పాడు, బోర్ల గురించి చెప్పాడు. ఆమె ఒక్కో వాక్యం చెబుతూ వచ్చింది. ఆ తర్వాత ఆయన ఆగి, ఆమెవైపు తిరిగి, గొంతు తగ్గించాడు.

"మొదటి రోజు తప్పు చోట బోర్లు వేశాం, ఒక రోజు పోయింది. ఆ రోజు పోకపోతే కట్ట నిలిచేది. ఇది నేను చెప్పక తప్పదు. కారణం మాత్రం పాత పత్రంలో స్పష్టత లేదని చెప్పండి. నేను కాదనను. ఇక్కడ నా మాట అర్థమయ్యేది మీ ఒక్కరికే."

ఎతెల్కా జనాన్ని చూసింది. అంత పెద్ద గదిలో రెండు భాషల నడుమ ఉన్న తలుపు తనొక్కతే. వేసుకున్నా తీసినా అడిగేవాళ్ళు లేరు. లోరాంట్ నేలచూపులు చూస్తున్నాడు. ఆయన ఈ మూడు రోజుల్లో ఎవరికీ చెప్పలేదని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"మొదటి రోజు తప్పు చోట బోర్లు వేశారు," అంది. "ఆ రోజు పోకపోతే కట్ట నిలిచేది అంటున్నారు ఈయన. పత్రంలో స్పష్టత లేదని చెప్పమన్నారు. కానీ పత్రం స్పష్టంగానే ఉంది. విల్మోష్ బాబాయ్ తెచ్చిన పుస్తకంలో ప్రతి అక్షరం నిజం. దేల్‌సోగ్ అన్న మాటను నేను ఇంగ్లీషులో తప్పు రాశాను. ఉత్తరం నుంచేనా అని ఈయన నన్ను అడిగారు. నాకు తెలియదు. అవునన్నాను."

గదిలో ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది. వెనక వరసలోంచి విల్మోష్ కర్ర ఊతంతో లేవబోయాడు. "నేనూ చూశాను, యంత్రం అటు పోవడం నేను..." ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

కుట్టుమిషనుతో బయటపడ్డ పాల్మా లేచి నిలబడింది. ఆమెకు అరవై ఉంటాయి. ఆమె ఇంటి గోడలు ఆమె తండ్రీ తల్లీ పెళ్ళయిన ఏడాది మట్టి తొక్కి కట్టుకున్నవి.

"ముసలాయన ఎక్కడున్నాడు అప్పుడు?" అని అడిగింది.

"బయట. బెంచీ మీద."

"ఎంత దూరం?"

"ఐదడుగులు."

"అడిగితే ఏం పోయేదే నీకు?"

పాల్మా మిషను మీద కప్పిన దుప్పటి సర్దుకుని కూర్చుంది. వీబె "ఏమంటోంది ఆమె?" అని అడిగాడు. ఎతెల్కా అదీ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది.

అధికారుల నివేదికలో అనువాద దోషం అని ఒక్క పంక్తి రాశారు, పేరు రాయలేదు. బడిలో ఉద్యోగం పోలేదు. హెడ్మాస్టరు ఆమె రాజీనామా చదివి, మడిచి, "ఇంగ్లీషు ఎవరు చెబుతారమ్మా, నేను చెప్పనా?" అని వెనక్కి ఇచ్చేశాడు. అక్టోబరు నాటికి ఎత్తు మీద కాల్చిన ఇటుకలతో కొత్త ఇళ్ళు లేచాయి. కొత్త వీధిలో ఎతెల్కా ఎదురైతే పాల్మా గేటు లోపలికి వెళ్ళిపోయేది. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా ఆమె పలకరించలేదు.

విల్మోష్‌కు కూడా కొత్త ఇంట్లో ఒక గది వచ్చింది. ఎతెల్కా శనివారాలు అక్కడికి వెళ్ళేది. ఆయన తన సర్వే పనిలోని ఒక మాట చెప్పి, అదేమిటో బంగాళాదుంప మీద గీతలు గీసి, తొక్క ఒలిచి బల్ల మీద పరిచి చూపించేవాడు. ఆమె రాసుకునేది. ఇంగ్లీషు మాట కోసం వీబెకు ఉత్తరాలు పంపేది. ఆయన కొన్నిటికి ఒక్క మాటతో, కొన్నిటికి అర పేజీతో జవాబిచ్చేవాడు. కొన్నిటికి 'మా దగ్గర ఇలాంటిది లేదు' అని రాసేవాడు.

"ఇదేమిటి, ఇక్కడ ఖాళీ వదిలావు?" అనేవాడు ముసలాయన.

"తెలియలేదు బాబాయ్."

"ఏదో ఒకటి రాయకూడదూ? రేపు నీటి శాఖ వాళ్ళు అచ్చు వేస్తే బాగుండదు."

"రాయను."

ఫిబ్రవరిలో ఆయన పోయేనాటికి రెండు వందల పన్నెండు మాటలయ్యాయి. అందులో ముప్పై నాలుగింటికి ఎదురుగా ఏమీ లేదు. నీటి శాఖ వాళ్ళు దాన్ని చిన్న పుస్తకంగా, ఆ ఖాళీలతోనే, అచ్చు వేశారు.